మాగ్నటైట్ నల్లగా దిగి, ఆరాక గోధుమరంగుకి తిరుగుతోంది. తేడా ఎక్కడ?

నల్లపొడి
కో-ప్రెసిపిటేషన్‌లో (రెండు ఇనుప లవణాలని క్షారంతో ఒకేసారి ముద్దగా దించే పద్ధతి) మాగ్నటైట్ అనే నల్లటి అయస్కాంతపు ఐరన్ ఆక్సైడ్ చేస్తున్నా. ఫెర్రిక్ (3+ ఇనుము) క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 5.41 గ్రాములు (20 మిల్లీమోల్), ఫెర్రస్ (2+ ఇనుము) క్లోరైడ్ టెట్రాహైడ్రేట్ 1.99 గ్రాములు (10 మిల్లీమోల్), రెండూ కలిపి 100 మి.లీ. నీళ్లలో. 70 డిగ్రీలకి తెచ్చి అరగంట ఉంచి, 25 శాతం అమోనియా 15 మి.లీ. బురెట్‌తో చుక్కచుక్కగా. పోస్తుండగానే నల్లబడుతుంది. కడిగి 80 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా పెడితే తెల్లారేసరికి ముదురు గోధుమరంగు పొడి. అయస్కాంతానికి లేచి అంటుకుంటుంది. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్-రేలతో స్ఫటికాన్ని గుర్తుపట్టే పరీక్ష) 35.5 డిగ్రీల దగ్గర పెద్ద పీక్, 21 దగ్గర చిన్న బుడిపె. వీఎస్‌ఎంలో (అయస్కాంతత్వాన్ని కొలిచే యంత్రం) సాచురేషన్, అంటే గరిష్ఠ అయస్కాంతత్వం, గ్రాముకి 48 ఈఎంయూ, పుస్తకాల్లో చూస్తే 92. నైట్రోజన్ సిలిండర్ లేదు. అది లేకుండా ఈ పని అవదా? ఇంతకీ చేతిలో ఉన్నది మాగ్నటైటా, అది ఆక్సీకరణ చెందితే వచ్చే గోధుమరంగు మాగ్హెమైటా?

తుప్పుశాస్త్రి
నైట్రోజన్ లేదన్నాక ఇంక అడిగేదేముంది. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ ఫెర్రస్‌ని తినేసింది. నీళ్లు పావుగంట మరగబెట్టి, మూతపెట్టి చల్లార్చి వాడండి. సగం రోగం పోతుంది.

బురెట్‌రాజు
సగం కాదు శాస్త్రిగారూ, నూటికి ఒక వంతు పోతుంది. 25 డిగ్రీల దగ్గర గాలి తగిలిన నీళ్లలో ఆక్సిజన్ లీటరుకి 8 మి.గ్రా. చిల్లర, అంటే 0.26 మిల్లీమోల్. 100 మి.లీ.లో 0.026. ఒక్కో ఆక్సిజన్ అణువు నాలుగు ఫెర్రస్‌లని ఫెర్రిక్ చేస్తుంది కాబట్టి పోయేది 0.1 మిల్లీమోల్. ఉన్నది 10. మరగబెట్టొద్దని నేననను, దొంగ మాత్రం అక్కడ లేడు.

ఫెర్రస్ క్లోరైడ్ సీసా ఎప్పటిది? గింజలు లేత ఆకుపచ్చగా ఉన్నాయా, పైన పసుపు పట్టిందా? ముందు అది చెప్పండి.

నల్లపొడి
సీసా పాతదే. మూత దగ్గర పసుపచ్చగా ఉంది, లోపల పచ్చగానే కనిపిస్తోంది.

తుప్పుశాస్త్రి
కరిగిన ఆక్సిజన్ ఒక్కటే లెక్కేస్తే ఎలా? కలుపుతున్నంతసేపూ పైనుంచి కొత్త గాలి దిగుతూనే ఉంటుంది. యాసిడ్‌లో ఫెర్రస్ మొండిది, ఒప్పుకుంటా. కానీ తటస్థానికి దగ్గరయ్యే కొద్దీ పీహెచ్ ఒక మెట్టు పెరిగితే ఆక్సీకరణ వేగం వంద రెట్లవుతుంది. బురెట్‌తో చుక్కచుక్కగా పోస్తే ఆ ప్రమాదపు పీహెచ్‌లో ద్రావణం ఎంతసేపు నానుతుందో చూడండి.

బురెట్‌రాజు
దీనికి నా ఓటు కూడా ఉంది. చుక్కచుక్కగా పోయడమే ఇక్కడ తప్పు.

పీక్‌లపిచ్చి
21 దగ్గర బుడిపె 21.2 అయితే అది గోథైట్ (తుప్పులో ఉండే ఐరన్ ఆక్సీహైడ్రాక్సైడ్). ఎక్స్-రేలకి రాగి ట్యూబేనా వాడింది? అలాగైతే ఇనుము ఫ్లోరెసెన్స్‌తో బ్యాక్‌గ్రౌండ్ ఎగిసిపడుతుంది, చిన్న పీక్‌లు అందులో మునిగిపోతాయి. అంత రొదలోనూ బుడిపె కనపడిందంటే గోథైట్ తక్కువేం లేదు. మోనోక్రోమేటర్ ఉంటే పెట్టండి, కోబాల్ట్ ట్యూబ్ దొరికితే ఇంకా మేలు. 33.2 దగ్గర ఏమైనా ఉందా? అది హెమటైట్ (ఎర్రటి ఐరన్ ఆక్సైడ్). 14.1 అయితే లెపిడోక్రోసైట్ (గోథైట్‌కి చుట్టం, నారింజ రంగుది).

ఇక మాగ్నటైటా మాగ్హెమైటా అన్న ప్రశ్నకి మీ 35.5 జవాబు చెప్పలేదు. మాగ్నటైట్ సెల్ (స్ఫటికంలో మళ్లీమళ్లీ వచ్చే అతిచిన్న గడి) 8.396 ఆంగ్‌స్ట్రామ్‌లు, మాగ్హెమైట్ది 8.346. 311 పీక్ (మీ 35.5 దగ్గరిదే) ఒకదానికి 35.43, రెండోదానికి 35.65. మధ్యన తేడా 0.22 డిగ్రీలు. మీ రేణువులు 10 నానోమీటర్లు అనుకుంటే షెరర్ లెక్క (రేణువు సైజు నుంచి పీక్ వెడల్పు చెప్పేది) ప్రకారం పీక్ వెడల్పే 0.83 డిగ్రీలు. మీకొచ్చిన 35.5 రెండిటికీ మధ్యన కూర్చుంది, ఎటైనా లాక్కోవచ్చు. 440 పీక్ చూడండి. 62.5, 62.9 కాబట్టి అక్కడ తేడా 0.4కి పెరుగుతుంది. శాంపిల్‌లో కాస్త సిలికాన్ పొడి కలిపి స్కేల్ సరిచూసుకోకపోతే అదీ నమ్మొద్దు.

సిలిండర్‌లేనివాడు
నైట్రోజన్ లేకుండా చేసేవాళ్లు మాగ్నటైట్‌కి కావాల్సిన ఫెర్రిక్-ఫెర్రస్ నిష్పత్తి 2 బదులు 1.5 పెడతారు. గాలికి పోయేది పోగా చివరికి 2 దగ్గర తేలుతుంది. సులువు.

బురెట్‌రాజు
ఎంత పోతుందో తెలిస్తే సులువే. బీకరు మూతి వెడల్పు, కలిపే వేగం, పోసే సమయం, వీటిలో ఏది మారినా ఆ "పోయేది" మారిపోతుంది. పైగా సీసాలోనే ఫెర్రస్ తగ్గి ఉంటే మీ 1.5 అసలు 1.5 కాదు. కొలిచి మాట్లాడుకుందాం.

నల్లపొడి గారూ, సీసాలో ఫెర్రస్ నిజంగా ఎంతుందో తేల్చడానికి డైక్రోమేట్ టైట్రేషన్ చేయండి. పర్మాంగనేట్ వద్దు, క్లోరైడ్‌ని కూడా ఆక్సీకరిస్తూ ఎక్కువ చూపిస్తుంది. ఫెర్రస్ క్లోరైడ్ అర గ్రాము తూచి 50 మి.లీ. ఒక మోలార్ సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో కరిగించి, ఫాస్ఫారిక్ యాసిడ్ 5 మి.లీ., డైఫినైలమీన్ సల్ఫోనేట్ నాలుగు చుక్కలు. 0.1 నార్మల్ డైక్రోమేట్‌తో ఆకుపచ్చ నుంచి ఊదాకి తిరిగే దాకా. ఫాస్ఫారిక్ మానేస్తే ఎండ్ పాయింట్ ముందే వచ్చేస్తుంది. స్వచ్ఛమైన టెట్రాహైడ్రేట్ అయితే 25.15 మి.లీ. పట్టాలి.

అణువణువు
ఆ తూకం దగ్గరే ఇంకో సంగతి. ఫెర్రిక్ క్లోరైడ్ సీసా మీద హెక్సాహైడ్రేట్ అని ఉందో, అన్‌హైడ్రస్ అని ఉందో చూడండి. 5.41 గ్రాముల అన్‌హైడ్రస్ అంటే 33 మిల్లీమోల్, నిష్పత్తి 3.3కి పోతుంది. హెక్సా పసుపు-నారింజ ముద్దలు, అన్‌హైడ్రస్ నల్లగా మెరిసే పలుకులు. పొరబడటం కష్టమే, అయినా అడిగేస్తే పోతుంది.

నల్లపొడి
హెక్సానే, పసుపు ముద్దలు. టైట్రేషన్ అయింది: 20.6 మి.లీ. 33.2 దగ్గర ఏమీ లేదు.

బురెట్‌రాజు
82 శాతం. అంటే మీరు వేసింది 10 కాదు, 8.2. పోయిన 1.8 ఆవిరైపోలేదు, ఫెర్రిక్ అయి కూర్చుంది. ఫెర్రిక్ 21.8, ఫెర్రస్ 8.2. అమోనియా సీసా తెరవకముందే నిష్పత్తి 2.66. మొత్తం ఇనుములో ఫెర్రస్ వాటా 0.333 ఉండాల్సింది 0.273.

తుప్పుశాస్త్రి
సరే, సీసాకి శిక్ష వేయండి. అలాగని గాలిని నిర్దోషిగా వదిలేయకండి. 😀

బురెట్‌రాజు
వదలం. దానికీ కొలత ఉంది. కడిగిన తడి ముద్దలోంచి కొంచెం, ఓవెన్‌లో ఆరిన పొడిలోంచి కొంచెం, విడివిడిగా ఆరు మోలార్ హైడ్రోక్లోరిక్‌లో వెచ్చగా కరిగించండి. నైట్రోజన్ లేదు కాబట్టి చిటికెడు సోడియం బైకార్బనేట్ వేసి, లేచే కార్బన్ డయాక్సైడ్‌తో ఫ్లాస్క్‌లో గాలిని బయటికి తోసేయండి. ఒక్కోదాన్నీ రెండు భాగాలు చేసి, ఒక భాగానికి ఫెనాంత్రోలిన్ (ఫెర్రస్‌తో కలిసి ఎర్రబడేది) మాత్రమే, రెండో భాగానికి ముందు హైడ్రాక్సిలమీన్ (ఫెర్రిక్‌ని ఫెర్రస్ చేసేది) వేసి తర్వాత ఫెనాంత్రోలిన్. రెండూ అసిటేట్ బఫర్‌లోనే. 510 నానోమీటర్ల దగ్గర చదివితే మొదటిది ఫెర్రస్, రెండోది మొత్తం ఇనుము. ముద్దలో నీళ్లెన్ని ఉన్నా ఫరవాలేదు, నిష్పత్తే కావాలి. ఫెనాంత్రోలిన్ వేశాక వెలుతురులో ఉంచకండి. వెలుతురు ఫెర్రిక్‌ని ఫెర్రస్ చేసి రీడింగ్‌ని ఎగదోస్తుంది.

రాతిమనిషి
ఇంత తంటా ఎందుకు? పది నానోమీటర్లే కావాలని ఒట్టేమైనా పెట్టుకున్నారా? శుద్ధమైన మాగ్నటైట్ కావాలంటే నైట్రేట్ దారి పట్టండి. 1980లో సుగిమోటో, మటియెవిచ్ చేసి చూపించిన పద్ధతి. ఫెర్రిక్ అక్కర్లేదు కాబట్టి నిష్పత్తి గొడవే ఉండదు.

ఫెర్రస్ సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ 20 గ్రాములు, మరగబెట్టి చల్లార్చిన నీళ్లు 140 మి.లీ., 90 డిగ్రీలకి తెండి. వేరే 60 మి.లీ.లో పొటాషియం హైడ్రాక్సైడ్ 11.2 గ్రాములు, పొటాషియం నైట్రేట్ 1.62 గ్రాములు. ఈ రెండోదాన్ని ఐదు నిమిషాల్లో పోసేయండి. ముందు నీలి-ఆకుపచ్చ ముద్ద, మెల్లగా నల్లబడుతుంది. 90 దగ్గరే గంట ఉంచి, మూతపెట్టి చల్లారనివ్వండి. దిగుబడి ఐదున్నర గ్రాముల దాకా. రేణువులు వంద నానోమీటర్ల చుట్టూ ఉంటాయి, గది గాలికి అంత తేలిగ్గా లొంగవు.

నల్లపొడి
నైట్రేట్ ఏం చేస్తుంది అక్కడ? ఎక్కువైతే మాగ్హెమైట్ దాకా పోదా?

రాతిమనిషి
పన్నెండు ఫెర్రస్ హైడ్రాక్సైడ్‌లకి ఒక్క నైట్రేట్ చాలు. నాలుగు మాగ్నటైట్లూ ఒక అమోనియా వస్తాయి. అందుకే మధ్యలో అమోనియా ఘాటు తగులుతుంది, తగిలితే పని నడుస్తున్నట్టే. మీ 72 మిల్లీమోల్ ఇనుముకి 6 సరిపోతుంది, ఇక్కడ వేసింది 16. మిగిలిన నైట్రేట్ మాగ్నటైట్ జోలికి పోదు, కడుగుడులో కొట్టుకుపోతుంది.

జాగ్రత్తపడాల్సింది క్షారం దగ్గర. హైడ్రాక్సైడ్ గుళికలు 85 శాతమే, మిగతాది నీళ్లూ కార్బనేటూ. తెల్లగా పొడి పట్టిన గుళికలు వాడితే సైడరైట్ (ఐరన్ కార్బనేట్) కలుస్తుంది. పాళ్లని బట్టి సైజు కూడా మారుతుంది. హైడ్రాక్సైడ్ బాగా ఎక్కువైతే చిన్న రేణువులు, ఫెర్రస్ రవ్వంత మిగిలేలా పెడితే మైక్రాన్‌కి దగ్గరగా గుండ్రటివి.

సిలిండర్‌లేనివాడు
ఫెర్రోఫ్లూయిడ్ (అయస్కాంతానికి లొంగే ద్రవం) కావాలనుకునేవాళ్లకి ఈ వంద నానోమీటర్లు పనికిరావు. అడుక్కి దిగిపోతాయి.

రాతిమనిషి
ఆయన ఫెర్రోఫ్లూయిడ్ అనలేదే. నల్లపొడి అన్నారు, పేరులోనే ఉంది.

నల్లపొడి
రెండూ కావాలి, నిజం చెప్పాలంటే. ఫెనాంత్రోలిన్ లెక్కలు: తడి ముద్దలో 0.25, ఆరిన పొడిలో 0.12.

బురెట్‌రాజు
ఇక తగాదా లేదు. 0.333 నుంచి 0.273కి తెచ్చింది సీసా. 0.273 నుంచి 0.25కి తెచ్చింది, శాస్త్రిగారి గాలి. 0.25 నుంచి 0.12కి దించింది ఓవెన్. అన్నిటికన్నా పెద్ద నష్టం ఓవెన్‌దే. ఎవరూ దాని మాటే ఎత్తలేదు.

అణువణువు
80 డిగ్రీలు, తడి, గాలి, పది నానోమీటర్లు. ఈ నాలుగూ కలిశాక మాగ్నటైట్ మిగలడం కష్టం. ఆక్సీకరణ పైపొర నుంచి లోపలికి నడుస్తుంది. ఇంత చిన్న రేణువులో పైపొర తీసేస్తే లోపల మిగిలేదే కొంచెం. కాబట్టి ప్రశ్నకి జవాబు: మీ పొడిలో ఎక్కువ భాగం మాగ్హెమైట్, కొంత మాగ్నటైట్, పక్కన గోథైట్. 48 ఈఎంయూ కూడా దీనికి సరిపోతుంది. 92 అనేది పెద్ద మాగ్నటైట్ స్ఫటికానికి. మాగ్హెమైట్‌కి 75 దరిదాపులు. రేణువు చిన్నదైతే ఉపరితలం మీది స్పిన్‌లు (పరమాణువుల చిన్న అయస్కాంతాలు) వరస తప్పి ఇంకా తగ్గుతుంది. వీఎస్‌ఎంకి తూచిన బరువులో గోథైట్, అంటుకున్న నీళ్లు, కడగని అమోనియం క్లోరైడ్ కూడా ఉన్నాయి. ఆ ఒక్క అంకె పట్టుకుని ఏ ఖనిజమో తేల్చలేం.

పీక్‌లపిచ్చి
గట్టిగా తేల్చాలంటే మాస్‌బాయర్ (గామా కిరణాలతో ఇనుము స్థితి చెప్పే పరీక్ష). గది వేడిలో మాగ్నటైట్ రెండు సెక్స్‌టెట్‌లు (ఆరేసి గీతల గుంపులు), 49, 46 టెస్లా. మాగ్హెమైట్ ఒక్కటే, 50 దగ్గర. పది నానోమీటర్లకి గది వేడిలో గీతలు కలిసిపోతాయి, చల్లబరిచి తీయాలి. నైట్రేట్ దారిలో వచ్చిన పెద్ద రేణువులకైతే 120 కెల్విన్ దగ్గర వెర్వే మార్పు (మాగ్నటైట్ గుణాలు ఒక్కసారిగా మారే చోటు) కోసం చూడండి. పదునుగా కనపడితే పాళ్లు సరిగ్గా ఉన్నట్టు.

రామన్ (లేజర్ వెలుగుతో పదార్థాన్ని గుర్తుపట్టే పరీక్ష) తీస్తే లేజర్ తగ్గించి తీయండి, ఒక మిల్లీవాట్ లోపే. లేకపోతే మాగ్నటైట్‌ని మీ కళ్ల ముందే హెమటైట్ చేసి 225, 292, 1320 పీక్‌లు చూపించి, "మీ శాంపిల్లో హెమటైట్ ఉంది" అంటుంది.

తుప్పుశాస్త్రి
ఓవెన్ సంగతి ఒప్పుకున్నా. గోథైట్ ఎక్కడిది మరి? ఓవెన్‌లో పుట్టలేదుగా.

అణువణువు
లేదు. రెండు కారణాలు కలిశాయి. ఫెర్రిక్ ఎక్కువైంది, మాగ్నటైట్‌కి పోగా మిగిలింది. ఆ మిగిలింది చుక్కచుక్కగా పోసినప్పుడు పీహెచ్ 2-3 దగ్గరే ఫెర్రిహైడ్రైట్‌గా (స్ఫటికం సరిగ్గా కట్టని తుప్పు ముద్ద) దిగిపోతుంది. ఫెర్రస్ దిగాలంటే పీహెచ్ 7, 8 దాటాలి. ఫెర్రస్ చాలినంత ఉంటే ఆ ఫెర్రిహైడ్రైట్‌కి అంటుకుని మాగ్నటైట్‌గా మార్చేస్తుంది. చాలకపోతే గోథైట్ దాకా తెచ్చి వదిలేస్తుంది.

మొదటి పోస్టులో ఇంకోటి ఉంది, ఎవరూ పట్టుకోలేదు. ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణాన్ని 70 దగ్గర అరగంట ఖాళీగా ఉంచడం దేనికి? జలవిశ్లేషణ జరిగి అకగనైట్ (క్లోరైడ్ పట్టిన ఐరన్ ఆక్సీహైడ్రాక్సైడ్) మొదలవుతుంది. స్పష్టంగా ఉన్న ద్రావణం ఎర్రగా మురికిపడితే అదే. లవణాలని నీళ్లలో కాకుండా 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్‌లో కరిగించండి, వేడెక్కగానే క్షారంలో కలిపేయండి.

నల్లపొడి
అయితే పద్ధతి తిరగరాస్తా. సీసా పారేయాలా?

బురెట్‌రాజు
ఎందుకు పారేయడం. పలచటి హైడ్రోక్లోరిక్‌లో కరిగించి, శుభ్రమైన ఇనప తీగ ముక్కలు వేసి వెచ్చగా ఉంచండి. ఇనుము రెండు ఫెర్రిక్‌లని పట్టుకుని మూడు ఫెర్రస్‌లు చేస్తుంది. పసుపు పోయి లేత ఆకుపచ్చ వచ్చాక వడకట్టి, వెంటనే టైట్రేట్ చేసి, ఎంత మోలారిటీ వస్తే దాన్ని బట్టి కొలిచి పోయండి. హైడ్రోజన్ లేస్తుంది, మూత బిగించొద్దు, మంట దగ్గర వద్దు. ఇదంతా వద్దనుకుంటే మోర్ లవణం (ఫెర్రస్ అమోనియం సల్ఫేట్) 3.92 గ్రాములు, అదీ 10 మిల్లీమోలే. గాలికి చాలా నిలుస్తుంది.

సిలిండర్‌లేనివాడు
ఫెర్రస్ అసలు కొనకుండా కూడా అవుతుంది. ఫెర్రిక్ క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 8.11 గ్రాములు (30 మిల్లీమోల్) తీసుకుని, సోడియం సల్ఫైట్ 0.63 గ్రాము (5 మిల్లీమోల్) నీళ్లలో కరిగించి పోయండి. ఒక సల్ఫైట్ రెండు ఫెర్రిక్‌లని ఫెర్రస్ చేస్తుంది, అంటే సరిగ్గా మూడో వంతు. ద్రావణం ఎర్రబడుతుంది. ఎరుపు పోయి మళ్లీ పసుపు తిరిగేదాకా ఆగాలి. ఆగకుండా అమోనియా పోస్తే సగం సల్ఫైట్ పని చేయకుండానే ఉంటుంది.

బురెట్‌రాజు
ఇది బావుంది, నిష్పత్తి తూకంలోనే కుదిరిపోతుంది. సల్ఫైట్ సీసా కూడా గాలికి సల్ఫేట్ అవుతుందని మాత్రం మర్చిపోకండి. 😀

అణువణువు
కొత్త పద్ధతి ఇలా పెట్టుకోండి. అమోనియా 15 మి.లీ.ని 100 మి.లీ. నీళ్లలో కలిపి ముందు బీకరులో పెట్టి, ఇనుము ద్రావణాన్ని అందులోకి ఒక్కసారిగా పోయండి, గట్టిగా కలుపుతూ. లెక్కకి 80 మిల్లీమోల్ హైడ్రాక్సైడ్ చాలు, అంటే 25 శాతం అమోనియా 6 మి.లీ. దరిదాపు. 15 అంటే రెండు రెట్లు దాటి ఉంది. కానీ వేడికి, మూతలేని బీకరులోంచి అమోనియా పోతూ ఉంటుంది కాబట్టి చివర్లో పీహెచ్ 9.5 కిందికి రాకుండా చూసుకోండి. ఫ్యూమ్ హుడ్‌లోనే. హైడ్రోక్లోరిక్‌లో కరిగించినందుకు 10 మిల్లీమోల్ అదనంగా ఖర్చవుతుంది, అదీ లెక్కలో వేయండి. కలిపాక 70 దగ్గర అరగంట చాలు.

కలపడానికి పైనుంచి దించే మెకానికల్ స్టిర్రర్ వాడండి. అయస్కాంతపు పుల్లతో మాగ్నటైట్ కలిపితే సరుకంతా పుల్లకే కట్టుకుంటుంది.

పీక్‌లపిచ్చి
ఆ పుల్లని తెల్లగా కడిగిన మనిషి ఈ వేదిక మీద ఉంటే దండం పెడతా.

నల్లపొడి
కడిగేటప్పుడు నాలుగోసారికి ముద్ద అయస్కాంతానికి దిగడం మానేసి నీళ్లు నల్లగా ఉండిపోతున్నాయి. ఓపిక చాలక అలాగే వంపేస్తున్నా.

అణువణువు
వంపకండి, అదే మీ మంచి సరుకు. లవణం కొట్టుకుపోయే కొద్దీ రేణువుల మీద ఛార్జి పైకి తేలి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ముద్దకట్టాలంటే పీహెచ్ 7 దగ్గరికి తెండి, ఐరన్ ఆక్సైడ్‌ల సున్నా ఛార్జి బిందువు అక్కడే. రవ్వంత అమోనియం క్లోరైడ్ వేసినా దిగుతాయి. వడపోత నీళ్లలో సిల్వర్ నైట్రేట్ తెలుపు చూపకపోతే కడుగుడు చాలు.

ఓవెన్ మాట ఇక ఎత్తకండి. ఆఖరి కడుగుడు అసిటోన్‌తో చేసి, గది వేడిలో వాక్యూమ్ డెసికేటర్. ఫ్రీజ్ డ్రయర్ ఉంటే అదే మొదటి వరస. పొడే కావాలని పట్టు లేకపోతే ఆరబెట్టకుండా, మరగబెట్టిన నీళ్లతో సీసా అంచుదాకా నింపి బిగించి దాచండి.

తుప్పుశాస్త్రి
ఒకవేళ మాగ్హెమైటే కావాలనుకుంటే? ఈ మధ్యరకం సరుకుని 250 దగ్గర గాలిలో రెండు గంటలు కాల్చేస్తే సరి కదా.

రాతిమనిషి
పది నానోమీటర్లదైతే అవుతుంది. వంద నానోమీటర్లదైతే హెమటైట్ తోడొచ్చే ప్రమాదం ఉంది. అందులో గోథైట్ ఉంటే అది కాలి నేరుగా హెమటైట్ అవుతుంది, మాగ్హెమైట్ అవదు. శుభ్రంగా కావాలంటే లెపిడోక్రోసైట్ నుంచి రండి. ఫెర్రస్ క్లోరైడ్ 0.2 మోలార్ 300 మి.లీ., గది వేడి, పీహెచ్ 6.7-6.9 మధ్య పట్టి ఉంచుతూ గాలి బుడగలు పంపండి. ఒక మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 120 మి.లీ. దాకా పడుతుంది. ముదురు నీలి-ఆకుపచ్చ నుంచి నారింజకి తిరుగుతుంది. గాలిని ముందు క్షారం సీసాలోంచి పంపండి. కార్బన్ డయాక్సైడ్ ఉంటే గోథైట్ వైపు లాగుతుంది. కడిగి ఆరబెట్టి 250 దగ్గర రెండు గంటలు కాలిస్తే మాగ్హెమైట్. 400 దాటనిస్తే హెమటైట్.

నల్లపొడి
లెపిడోక్రోసైట్ అయిపోయిందని ఎలా తెలుస్తుంది? రంగు చూసేనా?

రాతిమనిషి
రంగుని నమ్మకండి. గాలి పంపుతూ హైడ్రాక్సైడ్ పోయడం ఆపండి. పీహెచ్ ఇంకా దిగుతుంటే ఫెర్రస్ మిగిలే ఉంది. పది నిమిషాలు కదలకుండా నిలిస్తే అయిపోయినట్టు.